అరకులో నేను చూడని చివరి కూత

విశాఖలో ఒక చిన్న వారపత్రికకు నేను ఆటల శీర్షిక రాస్తాను. దాని పేరు ‘ఆటల లోకం’. ఆ లోకంలో క్రికెట్ తప్ప మరో ఆట ఉన్నట్టు నా పాఠకులకు ఇంతవరకూ అనుమానం రాలేదు.

మా ఆవిడ చిన్నాన్న కూతురు సత్యవతి అరకులోయలో ఒక గిరిజన బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని. కిందటి శీతాకాలంలో ఒకరోజు ఫోన్ చేసింది. “బావగారూ, ఆదివారం మా పిల్లలు కబడ్డీ ఫైనల్ ఆడతన్నారు. ముఖ్య అతిథి ఎవరూ దొరకనేదు. మీరు రాగలరా?”

ఎవరూ దొరకనప్పుడు గుర్తొచ్చే మనిషిని కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

“దండ ఏయించుకుని ఎల్లిపోకండి. సుమిత్ర అని ఒక గుంట ఉంది. బాగా ఆడతాది. ఈ ఏడాదితో ఆట మానిపించేస్తానని వాళ్ళ నాన్న పట్టుబట్టాడు. పేపర్లో పేరు పడితే ఆగుతాడేమోనని ఆశ” అంది.

కిరండూల్ పాసింజరు విశాఖలో ఏడు కాకముందే బయల్దేరుతుంది. ఆదివారం వెళ్ళేవారు రిజర్వేషన్ ముందుగా చేయించుకోవాలి, టిఫిను ఇంటి నుంచే తెచ్చుకోవాలి. నేను రెండూ చేశాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఘాటు ఎక్కుతుంటే పెట్టెలో అందరూ లోయలు చూశారు. నేను ఫోను చూశాను. ఆ రోజు ఆస్ట్రేలియాలో మనవాళ్ళ వన్డే ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోయేది. చీకట్లో పిల్లలు సరదాకి కేకలు పెడుతుంటే, నేను నిజంగానే మూలిగాను.

“స్కోరెంత బాబూ?” అన్నాడు ఎదుటి సీటాయన. చెప్పాను. పక్కనున్న కుర్రాళ్ళు దగ్గరికి జరిగారు. ఒకాయన తన పులిహోర నా చేతిలో పెట్టాడు. బొర్రా గుహల స్టేషను వచ్చేసరికి మేమంతా దగ్గర చుట్టాల్లా మాట్లాడుకుంటున్నాం. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు.

జేబులో నా ఉపన్యాసం ఉంది. ‘క్రికెట్ మిగతా ఆటలను ఎందుకు మింగేసింది’ అన్నది అంశం. టీవీ, ప్రకటనలు, తెల్లదొరలు, అందరినీ గట్టిగానే తిట్టాను.

పదకొండింటికి అరకు చేరాం. సత్యవతి ఆటోతో వచ్చింది. దారికి రెండు పక్కలా వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. పాఠశాల మైదానంలో ఎర్రమట్టి మీద సున్నంతో గీతలు గీశారు. షామియానా కింద నాకో కుర్చీ వేశారు, మెడలో బంతిపూల దండ పడింది. ఊళ్ళవాళ్ళు చాలామందే వచ్చారు. వాళ్ళలో సుమిత్ర తండ్రి కూడా ఉన్నాడని సత్యవతి చూపించింది. కాఫీ తోట పని మానుకుని వచ్చిన సన్నటి మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

భోజనాలయ్యాక ఫైనల్ మొదలైంది. అటు పాడేరు పిల్లలు, ఇటు సత్యవతి పిల్లలు. కాసేపటికి ఇండియా బ్యాటింగ్‌కి దిగిందన్న కబురు వచ్చింది. ఎవరు తెచ్చారో గాని జనం పల్చబడసాగారు. మైదానంలో సిగ్నల్ లేదు. రోడ్డు మీద టీ దుకాణం దగ్గర ఉందట. ఈ జనం తీరు చూసి నాకు బాధ కలిగింది. కాసేపు బాధపడి, బాత్రూముకని చెప్పి నేనూ లేచాను.

టీ దుకాణంలో బిస్కెట్ల సీసాకి ఒక ఫోను ఆనించి ఉంది. దాని చుట్టూ మైదానంలో సగం మంది ఉన్నారు. నా మెడలో దండ చూసి ముందు వరుసలో చోటిచ్చారు. ఒక్క ఓవరు చూసి వెళ్ళిపోదామనుకున్నాను. ఓవరు తర్వాత ఇంకో ఓవరు ఉంటుందన్న సంగతి నాలాంటి నిపుణుడికి తెలియాల్సింది.

మైదానం వైపు నుంచి ఒక్కసారిగా అరుపులు వినిపించాయి. పరిగెత్తాను. అప్పటికే ఆడపిల్లలు సుమిత్రను భుజాల మీద ఎత్తుకున్నారు. ఆట అయిపోయింది.

ఉపన్యాసం ఇచ్చాను. జనం ఆటలు చూడరని, టీవీలకు అతుక్కుపోతారని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సత్యవతి కొట్టలేదు.

కప్పు ఇచ్చాక సుమిత్ర దగ్గరికి వచ్చింది. మోకాలి మీద తోలు లేచిపోయి ఉంది. “సార్, నా లాస్టు కూత పేపర్లో రాస్తారా?”

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ మోకాలు చూసి మింగేశాను. “నేను చూడలేదమ్మా. టీ దుకాణంలో ఉన్నాను.”

ఆ అమ్మాయి రోడ్డు వైపు చూసింది. “ఇండియా గెలిసిందా సార్?”

“ఇంకా ఆడుతున్నారు.”

“అయితే రండి, సూపిస్తాను. నా కాలట్టుకున్న గుంట ఎల్లిపోనాది. మీరు అట్టుకోండి.”

దండ తీసి సత్యవతి చేతికిచ్చి కోర్టులో నిలబడ్డాను. సుమిత్ర కూత మొదలుపెట్టింది. కుర్చీలోంచి విన్నప్పుడు అది గొణుగుడులా ఉంది. రెండడుగుల దూరంలో వినేసరికి నేను వెనక్కి జరిగాను. ఎడమకి వెళ్తుందనుకున్నాను, కుడి నుంచి వచ్చి నా మోకాలిని తాకింది. వంగి చీలమండ పట్టుకున్నాను. “గట్టిగా అట్టుకోండి” అని గీత అవతలి నుంచి అరిచింది సత్యవతి. నా ఎనభై కిలోలనూ ఎర్రమట్టి మీద ఈడ్చుకుంటూ, ఊపిరి విడవకుండా, ఆ పిల్ల వేళ్ళు చాపి మధ్య గీతను అందుకుంది. నా ప్యాంటు వెనక కుట్టు విడిపోయిన చప్పుడు అందరికీ వినిపించింది.

గీత దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ సుమిత్ర తండ్రి నవ్వాడు. వచ్చి నన్ను లేవదీశాడు. “నానూ టీ కొట్టు కాడే ఉన్నాను బాబూ. ఇప్పుడే సూసినాను” అన్నాడు. తర్వాత కూతురి మోకాలి మట్టిని తువ్వాలుతో తుడిచాడు. ఆట మానిపించే సంగతి ఎత్తలేదు. తువ్వాలు మాత్రం ఆ పిల్లకే ఇచ్చేశాడు.

తిరుగు రైలు నాలుగు దాటాక వచ్చింది. సత్యవతి ఇచ్చిన దుప్పటి నడుముకి చుట్టుకుని కూర్చున్నాను. కొండలు మొదటిసారి చూశాను. క్రికెట్‌ను చూడకపోయినా పట్టుకుని తిరగొచ్చు. స్కోరు అంకె ఒకటి ఉంటే చాలు, దేశంలో ఎవరితోనైనా మాట కలపొచ్చు. కూతకు ఆ వీలు లేదు. ఊపిరి ఆగేలోగా అయిపోతుంది. దాన్ని చూసినవాడు నోరు విప్పి చెప్పాలి. నేను ఇన్నేళ్ళూ విప్పలేదు.

“దుప్పటేటి బాబూ, జొరమా?” అంది పక్కన కూర్చున్న ముసలమ్మ. జరిగింది చెప్పాను. చేతులతో చెప్పడం కుదరక లేచి నిలబడి, ఒక చేత్తో దుప్పటి పట్టుకుని సుమిత్రలా అడుగులు వేశాను. పెట్టెలో వాళ్ళు నవ్వారు. నన్ను ఈడ్చుకుపోయిన దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపి విన్నారు.

శృంగవరపుకోటలో ముసలమ్మ దిగింది. రైలు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి చువ్వలు పట్టుకుంది.

“ఆ గుంట పేరేటన్నావు బాబూ?”

“సుమిత్ర. పాంగి సుమిత్ర.”

“మా మనవరాలు ఊరికే గెంతుతాది. దానికి సెప్తాను” అంది. రైలుతో పాటు నాలుగడుగులు నడుస్తూ, మరిచిపోకుండా ఆ పేరు నోట్లో తిప్పుకుంటోంది.