గజ్వేల్ దాటని సారు, ఆరో పుస్తకం

మా రాధాకిషన్ సారుకు భయం. దేనికి అని అడక్కండి, ఆ జాబితాకు ఈ కాగితం చాలదు. లిఫ్టంటే భయం, ఉరుమంటే భయం, కుక్కంటే భయం. కుక్క లేని వీధంటే ఇంకా భయం, ఆ కుక్క ఏ మూల నక్కి ఉందో తెలియదు కాబట్టి. ఏ పని చేసే ముందైనా ఎదుటి మనిషిని "ఏం గాదు గద?" అని అడుగుతారు. "ఏం గాదు సార్" అనే జవాబు వచ్చేదాకా అడుగు ముందుకు వెయ్యరు. సిద్దిపేటలో ఆ జవాబు చెప్పని మనిషి లేడనుకుంటాను.

జూనియర్ కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పింది ఆయనే. గురుత్వాకర్షణ పాఠం మాత్రం కుర్చీలో కూర్చుని చెప్పారు, అంతటి విషయం నిలబడి చెప్పడం మంచిది కాదని. నేను పాత బస్టాండ్ దగ్గర డీటీపీ షాపు తెరిచిన రోజు మొదటి గిరాకీ కూడా ఆయనే. గుమ్మం బయటే నిలబడి, "రజినీ, గీ కంప్యూటర్ షాక్ కొట్టది గద? ఏం గాదు గద?" అన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి సొంతంగా ఏదో మొదలుపెట్టి నేను బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే ఈయనొకరు! "ఏం గాదు సార్, లోపటికి రండ్రి" అని గట్టిగా కసిరినంత పని చేశాను.

ఇక కటింగ్ షాపు దినేశ్ సంగతి. వాళ్ల నాయిన మంచాన పడితే కత్తి తొలిసారి దినేశ్ చేతికొచ్చింది. ఆ వారమే సారు వెళ్లి గడ్డానికి కూర్చున్నారు.

"దినేశ్, ఏం గాదు గద?"

"ఏం గాదు సార్, గడ్డమే గద."

"గడ్డం కింద్నే మెడ గూడ ఉన్నది బిడ్డా."

"మెడ జోలికి నేను పోను సార్!"

మూడుసార్లు అనిపించుకుని కళ్లు మూసుకున్నారు. ఒక చెంప అయ్యాక మళ్లీ కళ్లు తెరిచి మళ్లీ అడిగారు.

మా షాపు ఎదురుగా దుర్గవ్వ చాయ్ హోటల్. మొగుడు పోయిన నెలకు ఆమె ఒంటరిగా పొయ్యి వెలిగించింది. జనం పరామర్శించి పోతున్నారే తప్ప చాయ్ అడగడానికి మొహమాటపడుతున్నారు. సారు వెళ్లి బల్ల మీద కూర్చున్నారు.

"దుర్గవ్వా, నీ చాయ్ తాగితె ఏం గాదు గద?"

దుర్గవ్వకు రోషం పొడుచుకొచ్చింది. "ఏమైతది సారూ? ముప్పై ఏండ్లు గాయన పక్కన నిలవడి నేర్సుకున్న. తాగి సూడు, ఏమన్నయితె నన్నడుగు!" అని గరిటె ఎత్తింది. ఆ గరిటెకు భయపడి సారు రెండు చాయ్‌లు తాగారు.

అన్నిటికంటే పెద్ద భయం హైదరాబాద్ బస్సు. ఆ మధ్య శైలేందర్ అని కొత్త డ్రైవర్ వచ్చాడు. సారు తలకు హెల్మెట్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని, బండి కదలకముందే అడిగారు. కుకునూరుపల్లి దగ్గర అడిగారు. సగం దారిలో, గజ్వేల్‌లో, "ఇయ్యాల్టికి గింత ధైర్యం సాలు" అని దిగిపోయి, అర్ధకిలో బెండకాయలు కొనుక్కుని తిరుగు బస్సెక్కారు. ముప్పై ఏళ్లుగా ఎప్పుడు బయల్దేరినా అంతే. గజ్వేల్ అవతల ప్రపంచం ఉందనేది ఆయనకు చూడని నమ్మకమే.

అలాంటి మనిషి పిల్లల కోసం అంతరిక్షం నవలలు రాశారంటే నమ్ముతారా? రిటైరయ్యాక రాశారు, ఒకటి కాదు, వరసగా ఐదు. 'నీలిరెక్క' అనే ఓడలో నలుగురు పిల్లలు శనిగ్రహం కూడా దాటేస్తారు. కాకపోతే ఓడలో ప్రతి గదికీ ఇసుక బకెట్లుంటాయి. అందరూ అన్నం తిని, మందుల డబ్బా సరిచూసుకుని, సీటు బెల్టులు పెట్టుకుంటే గానీ ఓడ లేవదు. ప్రతి అధ్యాయంలోనూ ఇదే తంతు. ఆ ఓడకు గొంతుంది. అందరికంటే చిన్నది బుచ్చి, "ఏం గాదు గద?" అని అడుగుతుంది. ఓడ "ఏం గాదు" అంటుంది. అప్పుడు ఎగురుతారు.

పాత జవాబుపత్రాల వెనక వైపు రాసి సోమవారానికొక అధ్యాయం తెచ్చేవారు. నేను టైపు చేసేదాన్ని, మా అమ్మాయి లాస్య బడి నుంచి వచ్చి తప్పులు దిద్దేది. మూడు పెన్‌డ్రైవ్‌లలో దాచాలి. ఒకటి నా దగ్గర, ఒకటి సారు ఇంట్లో, ఒకటి దుర్గవ్వ చక్కెర డబ్బాలో. ఊరంతా మునిగినా చక్కెర డబ్బా తేలుతుందని ఆయన లెక్క.

ఐదో పుస్తకం చివర్లో ఓడ నక్షత్రాల నడుమ ఒక చీకటి వాగులో చిక్కుకుంది. బుచ్చి "ఏం గాదు గద?" అని అడిగింది. ఓడ పలకలేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది. పిల్లలు వరసకట్టి మా షాపుకొచ్చి, "ఆంటీ, ఓడ చచ్చిపోయిందా?" అని నన్ను పీక్కుతిన్నారు. ఆరోది ఆఖరిది. పదకొండు అధ్యాయాలు వచ్చాయి. ఓడ ఇంకా పలకలేదు. చివరిదైన పన్నెండోది ఎన్ని సోమవారాలైనా రాలేదు.

సరిగ్గా అప్పుడే లాస్యకు ఆటల పీరియడ్‌లో కళ్లు తిరిగాయి. హైదరాబాద్‌లో చూపిస్తే గుండెలో రంధ్రం ఉందన్నారు. పదమూడేళ్లు నా కళ్లెదుట తిరిగిన పిల్ల గుండెలో ఏముందో నాకు తెలియలేదు. నెలలోపే అక్కడే ఆపరేషన్ చెయ్యాలన్నారు. డాక్టర్లు ధైర్యంగానే చెప్పారు, మా ఆయన వివేక్ ధైర్యంగానే విన్నాడు. నాకు మాత్రం కాళ్ల కింద నేల లేదు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

లాస్య ఏడవలేదు, అదే ఇంకా భయం. "ఆరో పుస్తకం అయినంకనే పోత" అంది.

"పుస్తకానికీ ఆపరేషన్‌కూ ఏం సంబంధం బిడ్డా?"

"ఓడ పల్కుతదో లేదో నాకు తెల్వాలె అమ్మా."

సారు ఇంటికి పరుగెత్తాను. పైకప్పు మీద నమ్మకం లేక ద్వారబంధం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒడిలో తెల్లకాగితాలు.

"ఒక్క అధ్యాయం సార్. రాసియ్యిండ్రి."

"వస్తలేదు రజినీ. ఉత్తగ పలికిస్తె పోరగాండ్లు నమ్మరు. పలికియ్యకుంటె నేను బతుక." చిన్న గొంతుతో, "లాస్యకు ఏం గాదు గద?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నన్నడుగుతరా సార్? నేనెవర్ని అడగాలె?" అని అరిచి వచ్చేశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనిది సిద్దిపేటలో నేనొక్కదాన్నేనేమో.

మర్నాడు మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించి ఒక దొంగపని చేశాను. ఐదు పుస్తకాలు టైపు చేసిన చేతులు కదా, ఆ మాత్రం రాదా అని పన్నెండో అధ్యాయం నేనే కొట్టేశాను. ఓడ "ఏం గాదు" అంది, రివ్వుమని లేచింది, పిల్లలు ఇల్లు చేరారు. సారు పంపారని లాస్య చేతిలో పెట్టాను.

ఒక పేజీ చదివి తలెత్తింది. "గిది సార్ రాయలే."

"ఎందుకు రాయలేదే?"

"ఓడ లేసింది. ఒక్కలు గూడ బెల్టు పెట్టుకోలె. అన్నం గూడ తినలే. సార్ గిట్ల ఎవ్వర్నీ ఎగరనియ్యడు." నా వంక చూసి, "నువ్వు రాసినవ్ గద అమ్మా?" అంది.

ఇద్దరం ఏడ్చాం. తర్వాత లాస్యే ఫోన్ తీసుకుని సారుకు చేసింది. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "సార్, ఆఖరి అధ్యాయం దవాఖానకే తెస్తరా?... గజ్వేల్ దాటాలె సార్, అవును... మీకు భయమైతుందా?... ఏం గాదు సార్. బస్సుల బెల్టు ఉండదు, రాడ్ గట్టిగ పట్టుకోండ్రి." ఫోన్ పెట్టేసి నాతో, "సార్ గజ్వేల్ దాటితె నేను ఆపరేషన్‌కు పోత" అంది. నా పిల్ల తన ప్రాణాన్ని సారు ధైర్యం మీద పెట్టింది. ఇంతకంటే భయం ఇంకేముంటుంది?

ఆపరేషన్ రోజు పొద్దున ఏడున్నర. ఎనిమిదికి తీసుకెళ్తామన్నారు. లాస్య తలుపు వైపే చూస్తోంది. నేను గడియారం వైపు చూస్తున్నాను. అప్పుడు మెట్ల దగ్గర నుంచి ఆయాసం వినిపించింది, వెనకే హెల్మెట్ పెట్టుకున్న ఒక తల పైకి లేచింది. నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. చంకలో జవాబుపత్రాలు.

"గజ్వేల్ అవతల గూడ ఊర్లున్నయి రజినీ" అన్నారు, ముందుగా.

హెల్మెట్ తియ్యకుండానే చదివారు. మొదటి వాక్యం: 'అందరూ బెల్టులు పెట్టుకున్నారు.' లాస్య నా వైపు చూసింది, చూశావా అన్నట్టు. తర్వాత బుచ్చి ఓడ గోడ మీద చెయ్యి పెడుతుంది. గోడ వణుకుతోంది. ఇన్నాళ్లూ ఓడ చావలేదు, భయపడి మాట పోయింది. చాలాసేపటికి చిన్న గొంతుతో ఓడే అడుగుతుంది, "బుచ్చీ, ఏం గాదు గద?" ఓడ అడగడం బుచ్చి ఎన్నడూ వినలేదు. "ఏం గాదు, నేనున్న" అంటుంది. ఆ మాట అన్నాక చూసుకుంటే బుచ్చి చెయ్యి కూడా వణకడం లేదు. నీలిరెక్క మెల్లగా లేస్తుంది.

అప్పుడే స్ట్రెచర్ వచ్చింది. సారు కాగితాలు మడిచి, "లాస్యా, ఏం గాదు గద?" అన్నారు.

"ఏం గాదు సార్. మీరు గీడ్నే కూసోండ్రి" అని, సారు భుజం తట్టి, పడుకుని, తనే నడుం మీద బెల్టు బిగించుకుంది.

తలుపులు మూసుకున్నాయి. వివేక్ సంతకాలు పెట్టడానికి కిందికి వెళ్లాడు. నేనూ సారూ బల్ల మీద మిగిలాం. భయానికి మాటలు కావాలి కదా, "బస్సు ఎట్ల తోలిండు సార్?" అన్నాను.

"శైలేందరే తోలిండు. ఇప్పుడు మస్తు తోలుతుండు. మొదట్ల పాపం స్టీరింగ్ మీద చేతులు గజగజ వణుకుతుండె."

"మీరెప్పుడు చూసిన్రు?"

"చూసినంకనే గద అడిగింది."

నేను ఆయన వైపు తిరిగాను. తొలిసారి కత్తి పట్టిన దినేశ్ గుర్తొచ్చాడు. ఒంటరిగా పొయ్యి వెలిగించిన దుర్గవ్వ, ఆమె ఎత్తిన గరిటె గుర్తొచ్చాయి. కంప్యూటర్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్న నేను, నా కసురు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు ఈయన్ని చూసి నవ్వుకున్నాం. ఈయనేమో వణికే చేతుల్ని వెతుక్కుంటూ వెళ్లి మాచేత ధైర్యం చెప్పించారు.

"అయితె మీకు భయం లేదా సార్?" అన్నాను కోపంగా.

"అయ్యో, మస్తుగున్నది. లేకుంటె ఇంకొకల్ల చేతులు వణికేది నాకెట్ల కనవడ్తది?" అని, ఒడిలో ఉన్న నా చేతుల వైపు చూశారు. "రజినీ, ఏం గాదు గద?"

అప్పుడు అరిచి దాటేసిన ప్రశ్నే. ఈసారి జవాబు చెప్పాను. "ఏం గాదు సార్." ఇంకోసారి అడిగారు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. మూడోసారికి నా మాట నేను నమ్మాను.

నాలుగు గంటల తర్వాత ఆపరేషన్ చేసిన షారోన్ డాక్టరమ్మ బయటికొచ్చి నవ్వింది. "అంతా బాగుంది. మత్తు ఇచ్చేటప్పుడు మీ పాప నన్ను అడిగింది, డాక్టర్, మీకు భయం లేదు కదా అని. ఏం కాదని నాకే ధైర్యం చెప్పింది!"

నేను ఏడుస్తూ నవ్వాను. సారు అప్పటికి హెల్మెట్ తీశారు. ఎక్కేటప్పటి మెట్లకు మోకాళ్లు పట్టేశాయి, దిగడం ఆయన వల్ల కాలేదు. చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాను. తలుపు తెరుచుకుంది. లోపల ఏడుగురున్నారు, అందరూ ఎవరెవరి కోసమో ఏడ్చిన మొహాలతో. సారు గబుక్కున హెల్మెట్ మళ్లీ పెట్టుకుని లోపలికి తొంగి చూశారు.

"ఏం గాదు గద?"

ఏడుగురూ ఒక్కసారే అన్నారు, "ఏం గాదు, రండ్రి!"