నిలవబెట్టిన నీళ్ళు

నిన్న మల్లాపూర్ రోడ్డులో ఆటో ఒక అద్దాల దుకాణం ముందు ఆగింది. లోపల ఎవరో అద్దాల అంచులకు సిలికాన్ పూస్తున్నారు. వెనిగర్ లాంటి పుల్లని వాసన వీధిలోకి వచ్చింది. ముందు దగ్గు వచ్చింది, ఆ తరువాత భారతక్క గుర్తుకు వచ్చింది. ఆమె పోయి ఏడాది కాలేదు. ఫోటో చూసినా అంతగా గుర్తుకు రాని మనిషి ఒక జిగురు వాసనకు వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

భారతక్క మేము చిల్కానగర్‌లో అద్దెకున్న ఇంటి యజమాని. కింద ఆమె, పైన మేము. సొంతూరు జనగామ వైపు. ప్రభుత్వ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "టైమ్ దొర్కలే" అనేది. ఆమె ముందుగదిలో గోడ పొడవునా నీళ్ళ తొట్లు ఉండేవి. వాటిలో చేపల కంటే మొక్కలే ఎక్కువ. మొదటిసారి చూసినప్పుడు నాకు చేపలు కనిపించక, ఖాళీగా ఉన్నాయేమిటని అడిగాను. "ఖాళీ ఏడుందమ్మా, జర కూసొని సూడు" అని కుర్చీ జరిపింది. కూర్చున్నాక ఆకుల వెనక నుంచి ఒకటి, వేరు కింద నుంచి ఒకటి బయటికి వచ్చాయి. ఆమె మాత్రం వాటిని కాదు, నన్ను చూస్తోంది. ఎంతసేపు కూర్చోగలనో చూసిందని తరువాత అర్థమైంది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ ఒక చోట కూర్చోలేకపోయేవాళ్ళం. నా భర్త మురళికి రెండు మూత్రపిండాలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఉప్పల్‌లో డయాలసిస్. చేతిలో సూది పొడిచే రక్తనాళం మాటిమాటికీ మూసుకుపోతుంటే, మూత్రపిండం మార్పిడికి ఇంక ఆలస్యం చేయవద్దని డాక్టరు చెప్పాడు. కాప్రాలో ఉండే అతని చెల్లెలు రమణి ఎవరూ అడగకుండానే పరీక్షలు చేయించుకుంది. ఆమె మూత్రపిండం సరిపోతుందన్నారు. ఆమె భర్త కూడా సరేనన్నాడు. మురళి ఒప్పుకోలేదు. "దానికిద్దరు పిల్లలు. రేపు దానికేమైనా అయితే?" అని గోడవైపు తిరిగేవాడు. రమణి ఫోన్ చేస్తే తీసేవాడు కాదు. మా అత్తయ్య ఇద్దరికీ తల్లి. ఇవ్వమని కూతురికీ చెప్పలేదు, తీసుకోమని కొడుక్కీ చెప్పలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండేది, తోమిన వాటినే మళ్ళీ తోముతూ.

ఒకరోజు భారతక్క పైకి వచ్చి, మురళి మంచం ఎదురుగా ఉన్న గోడను చేత్తో కొలిచింది. "ఈడ ఒక తొట్టి పెడుదాం. చిన్నది. నువ్వు చెప్పు మురళీ, దాంట్ల ఏముండాల్నో."

"నాకెందుకక్కా ఇప్పుడివన్నీ," అన్నాడు.

"పండుకొని గోడ సూస్తున్నవ్ గద. సూసేదేదో మంచిది సూడు."

ఆమె నచ్చజెప్పదు. మర్నాడు కాగితం, పెన్సిలు తెచ్చి అతని ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. మూడోనాటికి మురళి ఏదో గీశాడు. ఎడమవైపు పొడవాటి గడ్డి, కుడివైపు ఒక రాయి, మధ్యలో ఖాళీ ఇసుక. భారతక్క చూసి రాయిని కాస్త పక్కకు జరిపించినట్టు గుర్తు, ఇంకేమీ మార్చలేదు. మల్లాపూర్‌లో అద్దాలు కోయించింది. తనే దగ్గరుండి అంటించింది. ఆ పుల్లని వాసన పూర్తిగా పోయేదాకా మేడ మీద ఆరబెట్టింది. తరువాత మా ఇంట్లోకి తెచ్చి అడుగున జల్లించిన మట్టి, దాని మీద కడిగిన ఇసుక పరిచింది. ఇసుక కడగడం మురళికి అప్పగించింది. బకెట్‌లో నీళ్ళు తేటపడేదాకా అతను కలుపుతూనే ఉన్నాడు. రోజుకు ఇన్ని గుక్కలే తాగాలని కట్టడి ఉన్న మనిషి అన్ని నీళ్ళు చేతులతో ముట్టుకుంటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. అతను మాత్రం ఆ పూట రమణి గురించి మాట్లాడాడు. చిన్నప్పుడు కాలవలో దానికి ఈత నేర్పించబోయి తానే మునగబోయాడట.

మొక్కలు నాటాక భారతక్క ఒక షరతు పెట్టింది. ఇప్పుడప్పుడే ప్రాణమున్నదేదీ వేయకూడదు. నీళ్ళలో పుట్టే విషాన్ని తినే సూక్ష్మజీవులు ముందు పెరగాలి. అవి స్పాంజ్ ఫిల్టర్‌లో ఇల్లు కట్టుకోవాలి. ఆమె రోజూ వచ్చి గాజు గొట్టంలో కొన్ని నీళ్ళు తీసి, సీసాలోంచి చుక్కలు వేసి చూసేది. ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపుగా ఉంటే లేనట్టు. రోజూ పచ్చగానే ఉండేది. అత్తయ్యకు ఇది నచ్చలేదు. ఇంట్లో రోగి ముందు ఖాళీ నీళ్ళ తొట్టి పెట్టడం ఏమిటని ఆమె బాధ.

"రెండు చేపలు వేసేస్తే పోదా అండీ? చచ్చిపోయినా మంచిదేనంటారు. ఇంటికి రావలసిన కీడు అవి తీసుకుపోతాయంట."

"వదినా, కీడు తీస్కపోయే డ్యూటీ వాటికెందుకు? గందుకని మనమే వాటిని సావుకు పంపుదామా?" అని భారతక్క నవ్వి, ఇంకో మాట చెప్పింది. "నీళ్ళు తగ్గితే మాత్రం నల్లా నీళ్ళు సీదా పొయ్యకున్రి. బోరు నీళ్ళు అసలే వద్దు. రాత్రి నిలవబెట్టిన నీళ్ళే పొయ్యాలె."

అత్తయ్య తలూపింది.

గొట్టంలో రంగు పసుపుకు వచ్చిన రోజున భారతక్క ఒక ప్లాస్టిక్ సంచిలో చిన్న ఎర్ర రొయ్యలు తెచ్చింది. గోరంత కూడా లేవు. వాటితోపాటు నాలుగైదు నత్తలు. మాది భీమవరం వైపు. మురళి సంచిని వెలుతురుకు ఎత్తి, చాలా రోజుల తరువాత నవ్వాడు. "అక్కా, మా వైపు వీటిని వేపుడు చేసుకుంటాం."

"ముట్టుకో, నీ చెయ్యి వేపుతా," అంది భారతక్క.

ఆ వారం అతను మంచం మీద కాక కుర్చీలో కూర్చున్నాడు. డయాలసిస్ నుంచి ఆటోలో వస్తుండగా, ఉప్పల్ మెట్రో స్తంభాల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నా వైపు చూడకుండా అన్నాడు. "పద్మా, ఒకటి అనుకున్నాను. ఆ రొయ్యలు నిలదొక్కుకుంటే రమణిది తీసుకుంటాను. లేకపోతే ఇంక ఆ మాట ఎవరూ ఎత్తొద్దు."

ఆటోలో మా ఇద్దరి పక్కన అత్తయ్య ఉంది. ఆమె సంచిలో చెయ్యిపెట్టి తాళంచెవులు వెతుకుతున్నట్టు చాలాసేపు వెతికింది.

ఆ మాట తరువాత నేను తొట్టివైపు చూడడం మానలేకపోయాను. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో కూర్చున్నా అదే ధ్యాస. రొయ్యలు నాచు మీద ఎక్కి కాళ్ళతో ఏదో ఏరుకు తింటున్నంతసేపూ బాగుండేది. ఒకటి కదలకుండా ఉంటే అద్దం మీద వేలితో కొట్టేదాన్ని. ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి ఒకటి వెల్లకిలా ఉంది. మర్నాడు పొద్దున చూస్తే ఇసుక మీద చాలా ఉన్నాయి. ఎరుపు పోయి ఉడికించినట్టు తెల్లబారాయి. నత్తలు గుల్లల్లోంచి సగం వేలాడుతున్నాయి. మురళి ఇంకా లేవలేదు. నేను తొట్టి మీద తువ్వాలు కప్పి చెప్పుల్లేకుండా కిందికి దిగాను.

భారతక్క పళ్ళు తోముకుంటోంది. రొయ్యలు చచ్చిపోయాయని, మురళి ఏమని అనుకున్నాడో కూడా చెప్పాను. "మీ తొట్టిలోవి తెచ్చి వేద్దామక్కా. అన్నీ ఒకేలా ఉంటాయి. ఆయనకు తెలియదు."

ఆమె నోరు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "ఆయనకు తెల్వది. అవి మళ్ళ సస్తే?"

"మళ్ళీ వేద్దాం."

"ఎన్నిసార్లు?" అంది. కోపంగా అనలేదు. "ఎందుకు సచ్చినయో తెల్వకుండ ఇంకొన్ని దెచ్చి అదే నీళ్ళల్ల ఎయ్యాల్నా? నా వల్ల కాదు పద్మా. పా, పోదాం."

పైకి వచ్చేసరికి మురళి లేచి కూర్చున్నాడు. తువ్వాలు తీసేసి ఉంది. అతని ముఖంలో ఏడుపు లేదు, బరువు దించుకున్నట్టు ఉంది. నాకు దానికే భయమేసింది. "అయిపోయిందిలే," అన్నాడు నాతో.

భారతక్క నేరుగా తొట్టి దగ్గరకు వెళ్ళింది. గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలు వేసింది. పసుపు. మళ్ళీ తీసింది. మళ్ళీ పసుపే. మొక్కల ఆకులు వేళ్ళతో పట్టి చూసింది, బాగానే ఉన్నాయి. నత్తను ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తరువాత తొట్టి అంచు దాకా ఉన్న నీటిమట్టం చూసి అడిగింది. "ఎండకాలం. నీళ్ళు తగ్గాలె గద, నిండ ఉన్నయేంది? ఎవరు పోసిన్రు?"

"నేనే," అంది అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి. "రోజూ పొద్దున్నే పోస్తున్నాను. మీరు చెప్పినట్టే, రాత్రి నిలవ ఉంచినవే."

"దేంట్ల నిలవబెట్టిన్రు వదినా?"

అత్తయ్య పక్కకు జరిగింది. ఆమె వెనక గట్టు మీద రాగిబిందె ఉంది. చింతపండు పెట్టి తోమి ఉంటుంది, తళతళలాడుతోంది. ఇంట్లో మేమందరం తాగేది ఆ బిందెలో నీళ్ళే. రాత్రంతా రాగిలో ఉన్న నీళ్ళు ఒంటికి మంచివని ఆమె నమ్మకం. మురళికి లెక్కగా పోసేవి కూడా అందులోంచే. ఇంట్లో ఉన్నవాటిలో మంచి నీళ్ళు తెచ్చి ఆమె వాటికి పోసింది. ఆటోలో కొడుకు అన్న మాట విన్న మనిషి, అవి బతకాలని కోరుకున్నవాళ్ళలో అందరికంటే ఎక్కువగా కోరుకున్న మనిషి.

భారతక్క బిందెను చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చెప్పకుండా వదిలేయవచ్చు. అత్తయ్య ముఖం చూస్తే నాకు వదిలేయమనే అనిపించింది. కానీ ఆమె కుర్చీ లాక్కుని అత్తయ్య ఎదురుగా కూర్చుని చెప్పింది. "రాగి మనకేం చెయ్యది వదినా. రొయ్యలకు, నత్తలకు పడది. రవ్వంత కల్సినా తట్టుకోవు. నిలవబెట్టిన నీళ్ళు పొయ్యమని చెప్పిన గానీ, దేంట్ల నిలవబెట్టాల్నో నేను చెప్పలే. ప్లాస్టిక్ బకెట్ అని ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలే. తప్పు నాది."

అత్తయ్య ఏడవడం నేను మొదటిసారి చూశాను. "నా చేత్తోనే పోశాను కదండీ," అంటూ గుమ్మంలోనే కూలబడింది. అంతలో ఆమె కళ్ళు తొట్టి మూలకు వెళ్ళాయి. "అదిగో, ఒకటి కదులుతోంది. మురళీ, ఒకటి బతికిందిరా!" నిజమే. నాచు కింద ఒక రొయ్య మీసాలు కదుపుతోంది.

మురళి ముందుకు వంగాడు. భారతక్క లేచి తొట్టికీ అతనికీ మధ్య నిలబడింది.

"సూడకు. అది బతికినా దాన్ని అడగొద్దు, సచ్చినా అడగొద్దు. రాగి కల్సింది, సచ్చినయి. గంతే. గండ్ల నీ చెల్లె ముచ్చట ఏడుంది?" ఆమె గొంతు పెరిగింది. "దాని ఒంట్ల ముక్క దాన్ది. ఇచ్చుడా, ఇయ్యకపోవుడా దాని ఇష్టం. భయం గిట్ల ఉన్నదా, నొప్పి లేస్తే పిల్లల్ని ఎవరు సూస్తరు, ఇవన్ని ఎవరిని అడగాలె? గీ రొయ్యల్నా? ఎన్నడన్న ఆ పిల్లను కూసోబెట్టి అడిగినవా?"

మురళి అడగలేదు. రమణి తరఫున భయపడ్డాడు, రమణి తరఫున వద్దన్నాడు. నెలల తరబడి ఆమె ఫోన్ ఎత్తలేదు. నేను కూడా అతన్ని ఒప్పించాలని చూశాను తప్ప వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. భారతక్క తొట్టిలో సగం నీళ్ళు తీసేసి, తన బకెట్ నీళ్ళు పోసి, చచ్చినవాటిని వలతో తీసి కాగితంలో చుట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మురళి తానే ఫోన్ తీసుకున్నాడు.

రమణి సాయంత్రం వచ్చింది. స్కూల్లో టీచరు, చీర మీద ఇంకా చాక్‌పొడి ఉంది. మురళి ఆమెకు కుర్చీ జరిపి, "నీకు భయం లేదా?" అన్నాడు.

"లేదని ఎవరన్నారు? ఉంది. పిల్లల్ని మా అత్తగారు చూస్తారు, అదీ మాట్లాడాను." గబగబా చెబుతోంది, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నట్టు. "చిన్నప్పుడు నా సైకిలు అడక్కుండా ఎత్తుకుపోయేవాడివి. ఇప్పుడు ఇస్తానంటే ఇంత బెట్టు చేస్తావేంట్రా అన్నయ్యా?" మురళి తల ఆమె భుజానికి ఆనించాడు. ఆమె దాన్ని తోసేసి, "భయం ఉందని చెప్పాను. ఇస్తానని కూడా చెప్పాను. రెండూ విను," అంది.

ఆపరేషన్ అయింది. రమణికి కొన్ని నెలలు నడుము నొప్పి వచ్చింది, ఆ మాట దాచకుండా చెప్పేది. మురళి ఇప్పుడు ఉద్యోగానికి వెళుతున్నాడు. తొట్టి గురించి మనసుకు తగిలేలా చెప్పమని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. మొక్కలు పెరుగుతాయి, కత్తిరిస్తాం. రొయ్యలు పుడతాయి, కొన్ని పోతాయి.

భారతక్కకు క్లోమంలో కాన్సరని తెలిసేటప్పటికే ముదిరింది. ఆస్పత్రి వరండాలో ఆమె తమ్ముడి కొడుకులు, మేము నిలబడి ఉన్నాం. ఆపరేషన్ చేస్తే కొన్నాళ్ళు పొడిగించవచ్చని డాక్టరు అన్నాడు. చేయించాలా వద్దా అని అందరం గుసగుసగా వాదించుకుంటున్నాం. నేను కూడా చేయించమనే వాదించాను. ఎంతసేపయిందో, తలుపు సందులోంచి ఆమె పాదాలు కనిపించాయి.

"అక్కను అడుగుదాం," అన్నాను.

"వద్దాంటీ, అత్త తట్టుకోది," అన్నాడు పెద్దవాడు.

నేను లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. జబ్బు పేరు, డాక్టరు అన్నది, మేము బయట అనుకుంటున్నది, అన్నీ చెప్పాను. మధ్యలో ఆగిపోతే ఆమె వేలు కదిపింది, చెప్పమని. అంతా విని కళ్ళు తెరిచింది.

"ఎవరన్న అడుగుతరేమో అని సూస్తున్న," అంది. కాసేపటికి, "ఇంటికి తీస్కపో. కొయ్యకున్రి," అంది.

ఆమె జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. ఇంకో వేసవి ఉండేదేమో అనిపిస్తుంది. కానీ జవాబు నచ్చేట్టుంటేనే అడగాలని ఆమె నేర్పలేదు. తీసుకొచ్చాం. ఇప్పుడు కూడా నలుగురం గుమ్మం బయట నిలబడి లోపలున్న మనిషి గురించి తేల్చేస్తుంటే, నా కాళ్ళు ఆగవు. లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంటాను.