నీలం బీరువాలో సగం షీటు

మా రిష్తాన్ ఊళ్ళో మందుల షాపు నడిపే జుమ్రద్‌కి మాటలెక్కువని మా వీధిలో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. తలనొప్పి మాత్రకని వెళ్ళినవాడు కూడా ఆమె దగ్గర కూతురి కాన్పు దగ్గర్నుంచి ఆవు పాల దాకా అన్నీ అప్పజెప్పి గానీ బయటపడలేడు. గ్రీన్ టీ ఒక కప్పు తాగించనిదే మందు చేతిలో పెట్టదు. కానీ ఎవరికి ఏ జబ్బుందో ఆ నోటి నుంచి మూడో మనిషికి తెలిసింది లేదు. అందుకే ఊళ్ళో పెద్ద షాపులున్నా జనం ఆమె దగ్గరికే వెళతారు.

ఈమధ్య సర్కారు కొత్త రూలు తెచ్చింది. ప్రతి మందు డబ్బా మీదా ఆవాలు చల్లినట్టుండే చిన్న చదరం ఒకటి అచ్చువేసి పంపుతున్నారు. ఏ డబ్బా నంబరు దానిదే. అమ్మేటప్పుడు ఆ చదరాన్ని యంత్రానికి చూపిస్తే కీచుమంటుంది, డబ్బా అమ్ముడైనట్టు సర్కారుకి తెలుస్తుంది. దొంగ మందులు ఆగాలంటే ఇంతకన్నా మంచి దారి లేదని జుమ్రద్ కూడా నమ్మింది. చిక్కల్లా ఏమిటంటే, మా వీధిలో డబ్బా మొత్తం కొనే మొనగాడు లేడు. ఒకరికి షీటు కావాలి, ఇంకొకరికి సగం షీటు చాలు. మొదటి షీటు బయటికి తీసేటప్పుడే ఆమె డబ్బాని యంత్రానికి చూపించేసేది. దాని లెక్కలో డబ్బా అంతా ఎవరో ఒకరు కొనుక్కుపోయినట్టే. మిగతా షీట్లు మాత్రం పేరూ ఊరూ లేకుండా ఆమె సొరుగులో పడి ఉండేవి.

వాటిలోంచే శుక్రవారం శుక్రవారం కాసిని మాత్రలు పుణ్యానికని ఓతిన్ అమ్మ ఇంటికి చేరేవి. ఆడవాళ్ళకి ఖురాన్ చదివించే సోలిహాని మేమంతా అలాగే పిలుస్తాం. ఆవిడ ముందుగదిలో నీలం బీరువా ఒకటి ఉంది. ఉన్నవాళ్ళు అందులో బియ్యం, నూనె, పిల్లల మేజోళ్ళు పెట్టిపోతారు, లేనివాళ్ళు తీసుకుపోతారు. ఎవరైనా సరే ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళి తలుపు వేసుకోవాలి. పెట్టిందెవరో, పట్టుకెళ్ళిందెవరో ఓతిన్ అమ్మకే తెలియదు. తెలుసుకోవాలనీ చూడదు.

ఆ వేసవిలో ఒక శనివారం పొద్దున యంత్రం తెర ఎర్రగా మారింది. బీపీ మాత్రల బ్యాచ్ ఒకదాన్ని వెంటనే ఆపేయమన్నారు. ఫ్యాక్టరీలో తక్కువ మోతాదు డబ్బాల్లోకి ఎక్కువ మోతాదు మాత్రలు పడ్డాయట. వేసుకుంటే బీపీ పడిపోయి మనిషి ఉన్నచోటే కూలబడవచ్చు. జుమ్రద్ విప్పని డబ్బాలు పక్కన పెట్టింది. ఆ బ్యాచ్‌లో విప్పింది ఒక్కటే. దాని షీట్లు ఎవరెవరికి ఇచ్చిందో గుర్తుంది కాబట్టి షాపుకి తాళం వేసి, ఇళ్ళకి తిరిగి వెనక్కి తెచ్చేసుకుంది. ఇక మిగిలింది ముందురోజు బీరువాలో పెట్టిన సగం షీటు. పరుగున వెళ్ళి చూస్తే బీరువాలో అది లేదు.

ఫెర్గానా సిటీలో మందుల లెక్కలు చూసే అధికారికి ఫోన్ చేసింది. పాపం కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. ఆ డబ్బా అమ్ముడైపోయినట్టు కనిపిస్తోందనీ, కొన్న మనిషిని అడగమనీ చెప్పాడు. కొన్న మనిషంటూ ఉంటే కదా అడగడానికి. పుణ్యమనుకుని తన చేత్తో పెట్టింది ఎవరి ప్రాణం మీదికి తెచ్చిందోనని జుమ్రద్ మసీదుకి పరిగెత్తింది.

ఆ మాత్రలు వేసుకోవద్దని, తెచ్చి ఇచ్చెయ్యమని అక్కడ చెప్పించింది. ఎవరూ రాలేదు. మళ్ళీ గడప గడపా తిరిగింది. బీరువాలోంచి తెచ్చుకునే ఖర్మ మాకేం పట్టిందని కొందరు మొహం మీదే అన్నారు. ఆమె అక్క మాస్తురా కూడా అదే మాట అంది. కుండలు చేసే ఎర్గష్ భార్య ఆవిడ. వాకిట్లో గుమ్మం పట్టుకుని కూర్చుని ఉంది.

"మీ బావ సిటీ నుంచి బీపీ మాత్రలు డబ్బాలకి డబ్బాలు తెచ్చిపెడతాడే నాకు. ఆ బీరువా మొహం నేనెందుకు చూస్తాను?"

"అలా వాడిపోయావేంటక్కా?"

"కుండల ఆవం వేడి. నువ్వెళ్ళు, నీ పని చూసుకో."

జుమ్రద్ వెళ్ళిపోయింది. ఇంకా సగం వీధి మిగిలి ఉంది.

అంతా తిరిగి వట్టి చేతులతో ఓతిన్ అమ్మ దగ్గర కూలబడితే ఆవిడ టీ పోసి ఇచ్చింది.

"ఎవరు తీసుకున్నారని ఊరంతా అడుగుతుంటే ఎవరు చెబుతారే? లేనిదాన్నని ఒప్పుకోవడం కంటే కళ్ళు తిరిగి పడిపోవడమే నయమనుకుంటారు మనవాళ్ళు. ఒక్కదాన్ని వెతకడం మానెయ్. అందర్నీ రమ్మను."

అందర్నీ రమ్మన్నారు. ఇంట్లో ఏ మాత్రలున్నా సరే, పాతవైనా కొత్తవైనా, చున్నీ చాటున పట్టుకొచ్చి, ఒక్కొక్కరే గదిలోకి వెళ్ళి బీరువాలో పెట్టిరావాలి. బీపీ మాత్రలు పెట్టినవాళ్ళకి మంచివి రేపు అక్కడే ఉంటాయి. పొద్దు వాలేలోపు ఓతిన్ అమ్మ వాకిట్లో ఆడవాళ్ళంతా బారులు తీరారు. రెండు కార్లున్న వడ్రంగి పెళ్ళాం కూడా ఏదో దాచుకుని వచ్చింది. జబ్బే లేని పడుచు పిల్లలు ఉత్త చేతులు చున్నీ కింద పెట్టుకుని మరీ లోపలికి వెళ్ళొచ్చారు. మా వీధి ఆడవాళ్ళని నేను వెయ్యి తిట్టుకుంటాను గానీ, ఆ సాయంత్రం తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అందరూ వెళ్ళాక జుమ్రద్ ఒక్కతే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దగ్గు మాత్రలు, విటమిన్లు, ఎప్పటివో కాలం చెల్లిన గొట్టం మాత్రలు. అడుగున గుడ్డపీలికలో చుట్టి ఉంది ఆ సగం షీటు. తన కత్తెర పడిన వంకర అంచు చూడగానే పోల్చుకుంది. ఒక మాత్ర లేదు.

గుడ్డని కూడా పోల్చుకుంది. పసుపు, ఆకుపచ్చ చారల పట్టు. జుమ్రద్ కూతురికి మాస్తురా కుట్టిన గౌనులో మిగిలిన ముక్క.

నేల మీదే కూర్చుండిపోయి ఏడ్చింది. రోజూ షాపు ముందు నుంచే వెళ్ళే అక్క, తన కూతురికి పట్టు గౌను కుట్టిపెట్టిన అక్క, చెల్లెలి దగ్గర చెయ్యి చాచలేక ఈ గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. సిటీ డబ్బాల కబుర్లు చెబుతుంటే ఇన్నాళ్ళూ తను నమ్మేసింది.

తరవాత కళ్ళు తుడుచుకుని షాపుకి వెళ్ళింది. సరైన మోతాదు డబ్బా తీసి, యంత్రానికి చూపించి, కత్తెర పెట్టకుండా డబ్బా డబ్బాగానే అదే గుడ్డలో చుట్టి, తెచ్చి బీరువాలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె బీరువాలో మందు పెడితే నిండు డబ్బానే పెడుతుంది.

వారం తిరక్కుండానే మాస్తురా షాపుకి వచ్చింది. మొహం తేటపడింది. టీ తాగుతూ అంది:

"ఆ కళ్ళు తిరగడం పోయిందే. ఎంతైనా మీ బావ తెచ్చే సిటీ మందు సిటీ మందే."

జుమ్రద్ అక్క కప్పులో ఇంకాస్త టీ పోసింది.

"అవునక్కా. బావ తెచ్చేది మంచి మందు. అదే వాడుకో."