మిగిలిన ఒక్క నరం

మా బాపు రెండు కాళ్లలోనూ నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉండేవి. ఎల్లారెడ్డి గ్రంథాలయంలో వైద్య పుస్తకాలు చదివిన ధైర్యంతో, రెండేండ్ల కింద ఎడమ కాలి నరాన్ని పట్టుబట్టి తీయించింది నేనే. ఇప్పుడు కుడి పాదానికి రక్తం అందక వేలు నల్లబడింది. కాలు దక్కాలంటే, మూసుకుపోయిన చోటును తప్పించి రక్తానికి కొత్త దారి వేయాలని, అందుకు ఆయన సొంత నరమే మేలని కామారెడ్డి డాక్టరు చెప్పారు. మిగిలింది కుడికాలిలోని ఉబ్బిన నరమే. ఎడమ కాలిది నేను తీయించకపోతే ఇప్పుడు అదీ అక్కరకు వచ్చేది.

"దానికే పైన వల లాంటి జాలీ తొడుగు వేసి, ఇంకా ఉబ్బకుండా బిగించి వాడతాం," అన్నారాయన.

బాపు అలసటగా నా వైపు చూశాడు. "ఇది అయ్యేదాక గా లైబ్రరీ దిక్కు పోకు బిడ్డా. దీన్ని గూడ తీపిస్తవు."

ఈ ఆపరేషన్ గురించి తెచ్చిన పుస్తకం నా సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు.