ఒత్తు లేని డుక్

ఆ బడి ఆఫీసులో ముప్పై ఏళ్లుగా టైపు చేస్తున్నావిడని పిల్లలు ఫుల్‌స్టాప్ మేడం అనేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. టీచర్లు రాసిచ్చిన నోటీసు చివర చుక్క లేకపోతే ఆవిడ టైపు చేసేది కాదు, కాగితం వెనక్కి పంపించేది. తన చేతిమీదుగా పోయిన వేల టీసీల్లో ఒక్క అచ్చుతప్పు కూడా లేదని ఆవిడ నమ్మకం. తనంతట తాను చెప్పుకునేది కాదు గానీ, ఎవరైనా అంటే కాదనేది కూడా కాదు.

కరోనా వచ్చి బడి మూతపడ్డాక, రోజు విడిచి రోజు ఆవిడొక్కతే ఆఫీసుకొచ్చేది. తాళం తీసేది, కిటికీలు తెరిచేది, ఆ రోజు ఉత్తరాలేవీ రాలేదని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేది.

అలాంటి రోజుల్లో హెడ్‌మిస్ట్రెస్‌కి, అంటే పెద్ద మేడంకి, ఓ ఆలోచన వచ్చింది. ఇళ్లలో పిల్లలు గోడలెక్కుతున్నారట, వాళ్లకి పాటలు రాసే పోటీ పెడదామంది. పాట పిల్లలే సొంతంగా కట్టాలి, పెద్దవాళ్లు చెయ్యి పెట్టకూడదు, పాడి ఆఫీసు ఫోనుకి పంపాలి. న్యాయనిర్ణేతలు వేరే బళ్లలో సంగీతం చెప్పే ముగ్గురు మేస్టార్లు. ముగ్గురిలో పెద్దాయనకి సరిగ్గా వినపడదు. అందుకని పాటలన్నీ కాగితం మీద కావాలన్నారు.

"విన్నది విన్నట్టే కొట్టండి," అంది పెద్ద మేడం. "మీరేం దిద్దొద్దు."

ముప్పై ఏళ్లలో ఆవిడకి ఎవరూ అంత కష్టమైన పని చెప్పలేదు.

అరవై రెండు పాటలొచ్చాయి. ముప్పై తొమ్మిది "ఓ కరోనా" అనే మొదలయ్యాయి. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో ముక్కా విని, ఆపి, కొట్టి, మళ్లీ విని సరిచూసుకునేది. ఆరో తరగతి కుర్రాడొకడు విశ్వమానవాళికి వందనాలు సమర్పిస్తూ సమర్పిస్తూ మధ్యలో ఆగి, "నాన్నా, తర్వాతేంటి?" అన్నాడు. విన్నది విన్నట్టే అన్నారు కాబట్టి ఆవిడ అది కూడా కొట్టింది. చివర ప్రశ్నార్థకం పెట్టింది.

ఆవిడా వాళ్లక్కా కలిసి ఉండేవాళ్లు, ఇద్దరే. సరిగ్గా ఆ వారమే అక్కకి జ్వరమొచ్చి, పరీక్షలో అదేనని తేలి, వెనకగదిలో చేరి తలుపేసుకుంది. చెల్లెలికి మాత్రం లేదన్నారు. అయినా పెద్ద మేడం ఆవిడని ఆఫీసుకి రావొద్దని, కంప్యూటరూ, ఆఫీసు ఫోనూ, పిల్లల రిజిస్టరూ ఇంటికి పంపించింది. ఆవిడ వాటిని వంటింటి బల్ల మీద పెట్టుకుని పాటలు కొడుతూ, పూటపూటకీ గుమ్మం ముందు పళ్లెం పెట్టి పక్కకి జరిగేది. కూరలో ఉప్పు తగ్గిందని లోపల్నుంచి కబురొచ్చేది. మనిషి బాగానే ఉందని చెల్లెలు దాన్నిబట్టే తెలుసుకునేది.

నలభై ఎనిమిదో పాట మూడో తరగతి పిల్లది. రాగం అంటూ పెద్దగా లేదు, ఎక్కాలు అప్పజెప్పినట్టుంది.

*మా తాత గదికి తలుపుంది*
*తలుపు కింద సందుంది*
*సందులోంచి బొమ్మలు గీసి పంపాను*
*తాత చూశాడో లేదో*

తర్వాత ఏదో చప్పుడు. ఆపైన మళ్లీ పాట.

*పద్నాలుగు రోజులన్నారు*
*తాత పన్నెండో రోజే వెళ్లిపోయాడు*
*మిగతా రెండు రోజులు ఎవరివి*

ఆవిడ ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయింది. ఆరుసార్లు వింది. మాట కాదు, దగ్గు కాదు. ఖాళీ వదిలేస్తే విన్నది విన్నట్టు అవదు. రిజిస్టర్లో నంబరు వెతికి ఆ ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఎత్తింది. సంగతి విని ఫోను పిల్లకిచ్చింది.

"నాలుగో లైను తర్వాత ఏముందమ్మా?" అని అడిగింది ఆవిడ.

"అక్కడ తలుపు కొట్టాను మేడం."

"ఎన్నిసార్లు?"

"మూడు."

తలుపు చప్పుడు ఆవిడెప్పుడూ టైపు చేయలేదు. టక్ టక్ టక్ అని పెట్టనా అని అడిగింది. తమ తలుపు అలా అనదంది పిల్ల. ఫోను పట్టుకుని వెళ్లి కొట్టి వినిపించింది. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

"డుక్ అంటోంది. డకి ఒత్తుందా?"

పిల్ల కాస్త ఆలోచించింది. ఒత్తులు దానికి ఆ ఏడే నేర్పారు.

"ఒత్తు లేదు మేడం. ఒత్తు పెడితే గట్టిగా కొట్టినట్టు. తాత పడుకున్నాడేమోనని నేను మెల్లగానే కొట్టాను."

సరేనని ఫోను పెట్టేసి, ఆవిడ ఒత్తు లేకుండా మూడు డుక్కులు కొట్టి, చివర చుక్క పెట్టింది. లేచి వెళ్లి వెనకగది తలుపు తట్టింది.

"ఏమిటే? ఇందాకేగా పళ్లెం పెట్టావు," అంది అక్క.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఎందుకు కొట్టావు?"

ఆవిడ అక్కడే, తలుపుకి ఇవతల, నేలమీద కూర్చుంది. ఉప్పు సంగతి మొదలుపెట్టి అక్క అరగంట మాట్లాడింది. ఆవిడ అడ్డు చెప్పకుండా వింది. అక్కకి అదే అనుమానమేసి, నీక్కూడా జ్వరంగా ఉందా ఏమిటని అడిగింది.

పాటలు మేస్టార్లకి చేరిన నాలుగోరోజున పెద్ద మేడం ఫోన్ చేసింది. ఆ డుక్ డుక్ డుక్ అచ్చుతప్పేమో, సాహిత్యం కాదు, తీసేయమంటున్నారంది.

"విన్నది విన్నట్టే కొట్టమన్నారు మీరు," అంది ఆవిడ.

పెద్ద మేడం ఆ మాటే మేస్టార్లకి చెప్పింది. పాటలో ఆ లైను ఉండిపోయింది.

మొదటి బహుమతి విశ్వమానవాళికి వచ్చింది. "నాన్నా, తర్వాతేంటి?" అన్న చరణం మానవజాతి భవిష్యత్తు మీద ఓ పసివాడి ప్రశ్న అనీ, అది తమని కదిలించిందనీ మేస్టార్లు ముగ్గురూ రాశారు. ఆవిడ ఆ ముక్క కూడా తప్పు లేకుండా టైపు చేసిపెట్టింది. తలుపు పాటకి ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. అలాంటివి పదకొండిచ్చారు.

ఈలోగా అక్క గదిలోంచి బయటికొచ్చింది, వస్తూనే వంటింటి డబ్బాల వరస మార్చింది. బడి తెరిచే ముందు, గెలిచిన పాటలన్నీ చిన్న పుస్తకంగా వేయించారు. రెండొందల కాపీలు కట్టలుగా దిగాయి. ఆవిడ పైనున్నదాన్ని తీసి తొమ్మిదో పేజీ చూసింది. నాలుగో లైను తర్వాత ఖాళీ ఉంది. ప్రెస్సు వాళ్లు పొరపాటేమో అనుకుని మంచి మనసుతో తీసేశారట.

మళ్లీ అచ్చు వేయడం కుదరదంది పెద్ద మేడం. ఆవిడ వాదించలేదు. నల్లపెన్ను తీసుకుని, రెండొందల పుస్తకాల్లోనూ ఆ ఖాళీలో చేత్తోనే రాసింది. నాలుగురోజులు పట్టింది. అక్షరాలు అచ్చులో కలిసిపోయేలా గుండ్రంగా రాసింది. నాలుగోరోజుకి వేళ్లు వంగలేదు. పుస్తకాలు ఇళ్లకి పంచేశారు.

బడి తెరిచిన రెండోవారం, పొడుగు జడల పిల్లొకతె మాస్కుతో ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చేతిలో పుస్తకం. ముఖం ఎప్పుడూ చూడకపోయినా, మాట వినగానే మేడం గుర్తుపట్టింది.

"మేడం, ఇందులో రెండే ఉన్నాయి," అంది పిల్ల.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. తన చేతిరాతే. రెండు డుక్కులూ, ఒక చుక్కా.

ఆవిడ కుర్చీ చూపించింది. పిల్ల కూర్చుంది. ఆవిడ చుక్కని కామాలా మార్చి, దాని పక్కన మూడోది ఇరికించి, కొత్తగా చుక్క పెట్టి, పుస్తకం తిప్పి చూపించింది. పిల్ల వేలు పెట్టి మూడూ లెక్కపెట్టుకుని, బాగానే ఉంది మేడం అంది. తప్పు నాదేనమ్మా అని ఆవిడ చెప్పింది. ఫర్లేదంది పిల్ల, పుస్తకం సంచిలో పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోయింది.

ఆవిడ మిగతా నూట తొంభై తొమ్మిది గురించి ఆలోచించింది. తర్వాత అటెండెన్సు రిజిస్టరు ముందుకు లాక్కుని, ఒకటో తరగతి మొదటి పేరు దగ్గర స్కేలు పెట్టి, ఫోను ఎత్తింది.

"నమస్కారమండీ, బడి నుంచి. పిల్లలకి ఇచ్చిన పాటల పుస్తకం ఉంటే తొమ్మిదో పేజీ తీయండి. కిందనుంచి నాలుగో లైనులో ఎన్ని డుక్కులున్నాయో లెక్కపెట్టి చెబుతారా?"

అవతలాయన లెక్కపెట్టి మూడన్నాడు. ఎందుకని అడిగాడు. అడిగినవాళ్లందరికీ ఆవిడ ఎందుకో చెప్పింది. అన్ని ఇళ్లూ అయ్యేసరికి వారంన్నర పట్టింది. ఇంకో రెండు పుస్తకాల్లో తప్పు దొరికింది, ఒకదాంట్లో నాలుగున్నాయి. ఆ ఇంటివాళ్లు అది అలాగే ఉంచేస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.