ఆపా వంకాయ కూరల ఉప్పు

మొన్న పొద్దున గోడ అవతలి నుంచి ఆపా కోడలు "అమ్మా, జెర రా" అని పిలిచింది. ఆ గొంతు విన్నప్పుడే నాకు అర్థమైంది. పోయి చూస్తే ఆపా పండుకున్నట్టే ఉంది. మొహంల మాత్రం అనుమానం లేదు. నేనేం చెప్పినా కండ్లు చిన్నగ చేసి "నిజమేనా?" అన్నట్టు చూసేటి మనిషి. ఆ చూపు లేని ఆపాను చూసుడు నాకు అదే మొదలు.

ఆ అనుమానం మా ఇద్దరి నడుమ ఎట్ల పుట్టిందో చెప్పాలె.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు నేను మౌలాలి రైల్వే క్వార్టర్లకు కొత్త కోడలుగ వచ్చిన. మా గోడ అవతల ఆపా వాళ్ళు. ఉర్దూల అక్కను ఆపా అంటరు. ఆమె మొగడు ఫిట్టర్. రజాకార్ల జమానాల ఎవరితోని తిరిగినవని పోలీసులు పిలిచి అడిగి, ఏం దొరకక వదిలేసిండ్రు. పోలీసులు వదిలిండ్రుగని కాలనీ వదల్లే. నల్లకాడ ఆపా బిందె పెడితే తక్కినోళ్ళు తమ బిందెలు జరుపుకునేటోళ్ళు. మా అత్తమ్మ అయితే "ఆ గోడ దిక్కు చూస్తే కాళ్ళిరగ్గొడత" అనేది. వాళ్ళతోని క్వార్టర్ ఖాళీ చేయించాలె, పెద్ద ఆఫీసరుకు చెప్పాలె అని ఇంటింటా మాటలు నడుస్తుండె.

గప్పుడే మద్రాసు దిక్కు నుంచి కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ఆడోళ్ళను కలపాలని క్లబ్బుల వంటల పోటీ పెట్టింది. కూరగాయల వంటలే చెయ్యాలె, ఇంట్ల వండి తేవాలె. పాపం, అది రంజాన్ నెలని ఆమెకు తెల్వదు. నేను పులిహోరకు పేరిచ్చిన. జిందగీల మొదటి పోటీ. ఆపా వంకాయ కూరకు, గదే బగారా బైంగన్‌కు పేరిచ్చిందని తెల్సినంక కాలనీ అంత గుసగుసలు షురూ అయినయ్. "ఏందో మతలబుంది" అన్నరు. నాకు సుత అట్లనే అనిపించింది. ఇంతమంది మొహం తిప్పుకుంటుంటే ఏ ధైర్యంతోని వస్తుందీమె? తన చేతి వంట తింటే మనుషులు మళ్ళ మాట్లాడుతరని ఆశపడ్డదట. అది నాకు తర్వాత తెల్సింది.

క్లబ్బుల బల్లల మీద గిన్నెలు పెట్టినం. ఆపా మూత తీస్తే నువ్వులు, పల్లీలు, చింతపండు వాసన హాలంత కమ్ముకుంది. అయినా ఎవ్వలు చెయ్యి పెట్టలే. మా అత్తమ్మ గొంతే ముందుగాల లేచింది.

"ముందు ఆమెను తినమనుండ్రి. ఏం కలిపిందో ఎవరికెరుక!"

ఆపా మెల్లగ అన్నది: "రోజా ఉన్ననమ్మా. పొద్దు గుంకేదాంక మంచినీళ్ళు సుత ముట్ట."

"చూసిండ్రా? సాకులు!" అన్నది అత్తమ్మ.

ఆఫీసరమ్మకు ఏం చెయ్యాల్నో తోచలే. "ఒక్క ముక్క తినేయండి, గొడవుండదు" అన్నది.

ఆపా కిటికీ దిక్కు చూసింది. ఇంకా మస్తు పొద్దుంది. వంకాయ ముక్క ఒకటి తీసి నోటి దాక తెచ్చింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఉపాసం పోతే పాయె, మొగడి మీద మచ్చ పోతే చాలనుకుంది. అది చూస్తుంటే నా పాణం ఉసూరుమన్నది. నా అనుమానం పోయిందని కాదు. అయినా ఉరికి, ఆ ముక్క ఆమె చేతిల నుంచి గుంజుకొని నోట్లె ఏసుకున్న.

హాలంత నా మొహమే చూస్తుంది. నేను నమిలిన. ఓరి దేవుడా, ఉప్పు లేదు! ఒక్క రవ్వ సుత లేదు. రోజా ఉన్న మనిషి రుచి చూడలే, పరేషాన్‌ల ఉప్పెయ్యనే మర్చిపోయింది.

"మస్తుంది" అన్న.

ఆఫీసరమ్మ తిని "ఉప్పేదీ?" అన్నది. ఇంకొకామె తిని కిసుక్కున నవ్వింది. ఇగ విషం సంగతి మర్చిపోయి అందరు ఉప్పు సంగతి పట్టుకున్నరు. మా అత్తమ్మ మాత్రం "ఉప్పు తింటే మనకు విశ్వాసం ఉంటదని కావాలనే ఎయ్యలే" అని గొణుక్కుంట, ఉప్పు డబ్బల నుంచి చిటికెడు తీసి ముక్క మీద చల్లుకొని తిన్నది. ఇంకో ముక్క సుత తిన్నది. ప్రైజు ఆపాకూ రాలే, నాకూ రాలే. క్వార్టర్ ఖాళీ చేయించే మాట మళ్ళ ఎవ్వలు ఎత్తలే.

తిరిగొస్తుంటే దారిల ఆపా నా చెయ్యి పట్టుకుంది. మెచ్చుకుంటదనుకున్న.

"అబద్ధమాడినవ్. నీ మొహం చూసిన నేను. ఇగ నీ మాట జిందగీల నమ్మ" అన్నది. అని నవ్వుకుంటనే ఏడ్చింది. నేను సుత ఏడ్చిన.

నిజంగనే నమ్మలే. అప్పటి నుంచి ప్రతి రంజాన్‌ల, పొద్దు వాలేటాళ్ళకు గోడ మీద చిన్న గిన్నె, కటోరీల కూర పెట్టేది. "ఉప్పు చూడు." నేను బాగుందంటే కండ్లు చిన్నగ చేసేది. "బాగుందంటే నమ్మ. ఏం తక్కువైందో అది చెప్పు." ఇంకోసారి చూసేదాంక ఇడిసేది కాదు. చీరె కొన్నా, పిల్లకు సంబంధం చూసినా నన్ను అదే అడుగుడు. దేవుడికి పెట్టకముందు నేను వంట రుచి చూడనని ఆమెకు ఎరుకే. "నువ్వు దేవుడి కోసం ఉప్పు చూడవు, నేను అల్లా కోసం చూడ. మన మొగోళ్ళ నోళ్ళు ఏం పాపం చేసినయో!" అని పడి పడి నవ్వేది.

మొగోళ్ళు రిటైరయినంక నేరేడ్‌మెట్‌ల పక్కపక్కనే ఇండ్లు కట్టుకున్నం. నడిమి గోడ లేస్తుంటే ఆపా మేస్త్రీ నెత్తి మీద నిలవడి, పైన కటోరీ ఆగేటంత వెడల్పు ఉంచుమన్నది. ఈ ముసలమ్మకేమైందని మేస్త్రీకి మస్తు డౌట్.

వాళ్ళల్ల చావు జరిగిన ఇంట్ల మూడు దినాలు పొయ్యి ముట్టియ్యరు. ఇరుగుపొరుగు వండి పంపాలె. మొన్న ఆపా ఇంటికి నేను పప్పుచారు కాచి, వంకాయ కూర వండిన. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చెయ్యొద్దని అత్తమ్మ నేర్పిన పద్ధతి ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తప్పలే. ఆ రోజు గంటెతోని కూర అరచేతుల ఏసుకొని నాలిక మీద పెట్టుకున్న. ఉప్పు సరిపోయింది.

"బాగుంది ఆపా" అన్న, గోడ దిక్కు చూసి.

నమ్మదు కదా. ఇంకోసారి చూసిన.