బ్యానర్ కోసం రెండోసారి గుట్టెక్కిన మామ

మీరు ఆ ఫోటో చూశారు. చూసి, ఒక లైకు కొట్టి, వేరే పనిలో పడ్డారు. గుట్ట మీద నీలం టీషర్టులు వేసుకున్న ఇరవై మంది, చేతుల్లో మా నడక క్లబ్బు బ్యానర్, అందరి మొహాల్లో నవ్వు. ఆ ఫోటో తీసిన మనిషి అదే సాయంత్రం ఆసుపత్రిలో వడదెబ్బతో చనిపోయాడు. ఎవరు తీశారని మీరు అడగలేదు. మేము చెప్పలేదు. రెండో వరసలో, ఎడమ నుంచి మూడో మనిషిని నేనే.

ఆయన్ని మేమంతా మామ అనేవాళ్లం. కోనరావుపేట అవతల, గుట్ట కింద ఊరు ఆయనది. వయసంతా తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. చెట్టు మానేశాక కూడా గుట్ట మానలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి మేము జమయ్యాం. పంతుళ్లు, దుకాణదారులు, మరమగ్గాల ఆసాములు, వ్యాసాలు రాసే నేను. మొదటిసారి వెళ్లినప్పుడు గుట్ట మొదట్లో నిలబడి దారి కోసం ఫోన్లు అటూ ఇటూ తిప్పుతున్నాం. భుజాన కట్టెలమోపుతో వచ్చాడు.

"ఏంది సార్, గంత పెద్ద గుట్ట ముంగట వెట్టుకొని ఫోన్ల దేవులాడుతున్నరు?"

ఆ రోజు నుంచి నాలుగేళ్లు, ప్రతి నెలా, ఆయన లేకుండా మేము ఎక్కింది లేదు. మొదటి బండ మీద కాలు పెట్టే ముందు అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. తాటిచెట్టుకైనా అంతేనట. "చెప్పి ఎక్కాలె సార్. చెప్పకుంట ఎవలింటికన్న పోతమా?"

నడక మాత్రం అందరికన్నా వెనక. దారి చూపేవాడు ముందుండాలి కదా అని నేను వాదించాను. నేను దేనికైనా వాదిస్తాను.

"ముంగట నడిచేటోడు ఎనుకకు చూడడు సార్. ఎవలన్న కూలవడితే ఎట్ల ఎర్కైతది?"

ఈ దేశంలో నాయకులందరి జబ్బూ అదేనని నేను అందుకున్నాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు. "ఎక్కేటప్పుడు మీటింగు బంద్ వెట్టుండ్రి, దమ్ము పోతది. పైకి పోయినంక నీడకు కూసొని తిట్టుండ్రి, అందరం ఇంటం."

ఆయనకు గడియారం లేదు. నీడ ఉండేది. తన నీడ పాదాల దగ్గరికి జరగకముందే అందరం గుట్ట దిగిపోవాలి. ఎండాకాలంలో ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

ఆ ఆదివారం టిఫిన్లకే తొమ్మిదయింది. పైకి చేరాక చూస్తే బ్యానర్ కింద వ్యానులోనే ఉండిపోయింది. మా అధ్యక్షుడు మామను పిలిచాడు.

"మామా, నీకైతే ఎంతసేపు? జర ఉరికి రా."

ఆయన నేల వైపు చూసుకున్నాడు. "నీడ దగ్గరవడ్డది సారూ. ఫోటో మల్లచ్చినప్పుడు దిగుండ్రి."

"బ్యానర్ లేకుంటే పేపరోళ్లు ఎయ్యరు మామా."

"మామ ముసలోడైండు తియ్యి, మోకాళ్లు పట్టుకున్నయ్," అన్నారెవరో. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

"అల్లుళ్లు అడిగినంక తప్పుతదా," అంటూ దిగాడు. తన నీళ్లసీసా మా దగ్గరే వదిలి వెళ్లాడు. మా నీళ్లు అయిపోయాయి. అది కూడా తాగేశాం.

గంట దాటాక వచ్చాడు. మొహం మీద చెమట చుక్క లేదు. అది ప్రమాదమని ఇప్పుడు తెలుసు. అప్పుడు చప్పట్లు కొట్టాం. టీషర్టు లేదు కాబట్టి ఆయన చేతికి ఫోన్ ఇచ్చాం. ఆయనే నొక్కాడు. దిగేటప్పుడు అలవాటుగా వెనక ఉండిపోయాడు. కింద వ్యాను దగ్గర లెక్క చూసుకుంటే ఇరవై మందిమీ ఉన్నాం. సరిపోయిందని ఎక్కి కూర్చున్నాం. ఆ లెక్కలో ఆయన ఎప్పుడూ లేడు. పైన మేకలు కాసే ఒకామె కేకవేస్తే గానీ ఆయన దారిలో పడిపోయాడని మాకు తెలియలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి బూట్లు కడిగాను, అన్నం తిన్నాను. ఇప్పటికీ రాలేదు. మర్నాడు క్లబ్బు ప్రకటన చూశాను: "మార్గమధ్యంలో తారసపడిన స్థానిక గ్రామస్థుడొకరు వడదెబ్బతో మరణించడం విచారకరం." తారసపడ్డాడట! నాలుగేళ్లు మా వెనక నడిచినవాడు!

దినాలయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన బిడ్డ గడపలో కూర్చుంది. బీడీల చాట ఒళ్లో ఉంది, చేతులు ఊరికే ఉన్నాయి.

"సారూ, ఒక్కటి అడుగుత. బాపు పొద్దెక్కితే చెట్టు గూడ ఎక్కకపోతుండె. గా ఎండల గుట్ట రెండుసార్లు ఎందుకెక్కిండు? మీ క్లబ్బోళ్లేమో ఆయనంతట ఆయనే అచ్చిండంటున్నరు. ఊరోళ్లేమో కల్లు తాగి తిరిగిండంటున్నరు."

నేను ప్రతి వేదిక మీదా గొంతు చించుకునేవాణ్ణి. "నాకు తెల్వదమ్మా" అని చెప్పి వచ్చాను.

అందుకే ఈ రాత. క్లబ్బునూ, నన్నూ, ఆ ఫోటో చూసి సాగిపోయిన మిమ్మల్నీ కలిపి అడుగుతున్నాను.

ఆ ప్రకటన వెనక్కి తీసుకోవాలి.

బ్యానర్ కోసం మేమే పంపామని, వద్దన్నా పంపామని, క్లబ్బు పేరుతో రాయాలి. ఏ పేపర్లో ఆ ఫోటో వచ్చిందో ఆ పేపర్లోనే అదీ రావాలి.

ఆయన తాగి లేడని ఊరి నడుమ నిలబడి చెప్పాలి.

ఇక నుంచి గుట్ట కింద మనుషులను లెక్కపెట్టేటప్పుడు, దారి చూపినవాళ్లతో మొదలుపెట్టాలి.

ఇరవై మందిమీ, మామూలు బట్టల్లో, ఆ బిడ్డ దగ్గరికి వెళ్లాలి. నీళ్ల సంగతి కూడా దాచకూడదు. చెప్పాక ఆమె పొమ్మంటే లేచి రావాలి. కూర్చోమంటే, ఆమె లెమ్మనేదాకా కూర్చోవాలి.